కేబులులో కొబ్బరినూనె

నాకు ముక్కుమీద కోపం. గొప్పకి చెప్పుకోవడం కాదు, మా బడిలో ఏ తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు. ఇరవై రెండేళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్నాను. తప్పు చేసిన పిల్లవాడు లేచి నిలబడి ఒప్పుకుంటే చచ్చినా ఏమీ అనను. ఒప్పుకోకుండా కిటికీలోంచి కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ కూర్చుంటే మాత్రం చేతిలో సుద్దముక్క ఆగదు. అలాంటి నేను ఒక డిసెంబరు ఆదివారం పొద్దున, లంబసింగి కొండమీద, నా అనుకున్నవాళ్ళ మధ్య కూర్చుని, అచ్చం ఆ పిల్లవాడిలాగే ఎటో చూస్తూ టీ తాగాను. ఆ టీ ఎలా ఉందో గుర్తులేదు గానీ సిగ్గు మాత్రం బాగా గుర్తుంది.

ముందు నేను బండెక్కిన వైనం చెప్పాలి. మా ఆయన కువైట్‌లో పని చేస్తారు. రెండేళ్ళకోసారి వస్తారు. ఆరేళ్ళ క్రితం వెళ్ళేటప్పుడు తన మోటారుసైకిలు నాకు అప్పగించి, "వారానికోసారి స్టార్ట్ చేసి కట్టెయ్యి, లేకపోతే బ్యాటరీ చచ్చిపోద్ది" అని చెప్పి వెళ్ళారు. సరేనని వరండాలోనే స్టార్ట్ చేసి కట్టేసేదాన్ని. ఊరికే నిలబెట్టి పెట్రోలు తగలెయ్యడం దేనికనిపించి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. తర్వాత ముక్తేశ్వరంలో మా చెల్లెలి ఇంటిదాకా. తర్వాత రావులపాలెం వంతెన మీదికి. ఆయన ఫోనులో "బండి ఎలా ఉంది?" అనేవారు. "బానే ఉంది" అనేదాన్ని. ఎక్కడుందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఒకరోజు బడికి వెళుతుంటే కొత్తపేట సెంటర్లో చైను ఊడిపోయింది. నిమిషంలో పదిమంది మగవాళ్ళు చేరారు. అందరూ సలహాలు చెప్పేవాళ్ళే, ఒక్కడూ నడుం వంచడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "చూసింది చాలు, ఇక్కడేం సర్కసు ఆడటంలేదు, పోండి!" అని కేకలేశాను. అందరూ జారుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం నా పక్కన గొంతుక్కూర్చుని, "తిట్టడం అయిపోయిందాండీ? అయితే ఆ వెనక చక్రం కాస్త తిప్పండి" అన్నారు.

ముప్పై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. చైను ఎక్కించి, మధ్యలో వేలితో ఎత్తి చూపించారు. "ఇదిగో, ఇంతే ఆడాలండి, బొటనవేలంత. మరీ బిగిస్తే తెగుద్ది, మరీ వదిలేస్తే ఊడుద్ది. పిల్లల్ని పెంచినట్టేనండి." పిల్లల్ని పెంచడం నాకు బస్సు డ్రైవరు నేర్పాలా అని చిరాకేసింది. కానీ ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయిగారు.

అలా ఆయనతో పాటు తిరగడం మొదలైంది. మాకు పేరూ లేదు, బొమ్మలేసిన చొక్కాలూ లేవు. నాలుగు బళ్ళు, నలుగురు మనుషులు. బాబాయిగారు, నేను, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన, అమలాపురంలో నర్సుగా పని చేసే ఒక అమ్మాయి. వ్యాపారికి నలభై ఉంటాయి, నోరు మూతపడదు. అమ్మాయికి ఇరవై తొమ్మిది, అడిగితే తప్ప నోరు తెరవదు. వీలు కుదిరిన నెలల్లో ఒక్కోసారి అంతర్వేది సముద్రానికి, ఒక్కోసారి మారేడుమిల్లి అడవిలోకి వెళ్ళొచ్చేవాళ్ళం. ఒక బండి ఆగితే నాలుగూ ఆగాల్సిందే. మారేడుమిల్లి దారిలో నా టైరుకి మేకు దిగితే, నడివానలో ముగ్గురూ ఒక ప్లాస్టిక్ పట్టాకి తలో కొసా పట్టుకుని గంటసేపు నిలబడ్డారు. నేను పంచరు వేస్తూనే ఉన్నాను, పట్టా సరిగ్గా పట్టుకోవడం లేదని తిడుతూనే ఉన్నాను. మా ఇంట్లోవాళ్ళు కూడా నన్ను అంత ఓపిగ్గా భరించలేదు.

బాబాయిగారి సలహాలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. సముద్రం గాలి తగిలిన బండిని ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడగాలి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకుని నమ్ముకోకూడదు, గేరుని నమ్ముకోవాలి. బండి తేడా చేస్తే ముందు బండిని అడగాలి, ఆ తర్వాతే మనిషిని అడగాలి. అన్నిటికన్నా పెద్దది ఇంకోటి ఉంది, ఎవరి బండి వాళ్ళు చూసుకోకూడదు. ప్రయాణానికి ముందు సాయంత్రం నాలుగు బళ్ళూ కొత్తపేటలో ఆయన వాకిట్లో నిలబెట్టాలి. ఒకరి బండి ఇంకొకరు చూడాలి. చైను, బ్రేకులు, టైర్లలో గాలి, కేబుళ్ళు, లైట్లు, అన్నీ. చూడడం అయ్యాక ట్యాంకు మీద చెయ్యేసి, అందరికీ వినపడేలా "ఈ బండికి పూచీ నాది" అనాలి.

"ఇదేం తంతండీ, పెళ్ళిమంత్రంలాగ" అని నేను మొదట్లో ఎగిరిపడ్డాను. నా బండి మీద ఇంకొకరు చెయ్యి వెయ్యడమేమిటని నా బాధ. బాబాయిగారు నవ్వారు. "మన బండి మీద మనకి ప్రేమండీ. ప్రేమున్న చోట కళ్ళు సరిగ్గా కనపడవు. పక్కోడి బండైతే భయంతో చూస్తాం." అది నిజమేనని నాకు లోపల తెలుసు.

ఇక ఆ అమ్మాయి సంగతి. అంతకు ముందు ఏడాది దాళ్వా వరికోతలప్పుడు డ్యూటీ దిగి ఇంటికెళుతూ, రోడ్డుమీద ఆరబోసిన ధాన్యం మీద జారి పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది, డాక్టరు బాగుందన్నారు. కానీ ఆ అమ్మాయికే నమ్మకం కుదరలేదు. పిల్లల వార్డులో పని తనది. చంటిపిల్లలకి సెలైన్ సూది గుచ్చాలంటే ఆసుపత్రిలో అందరూ తననే పిలిచేవాళ్ళట. చెయ్యి విరిగాక మొదటిసారి ఒక బాబుకి మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. సూది పక్కన పెట్టేసి, పెద్ద డాక్టరుగారిని అడిగి, చీటీలు రాసే కౌంటర్లోకి మారిపోయింది. బండి కూడా అప్పటినుంచి ముట్టలేదు.

లంబసింగి వెళదామని మేము అనుకున్నప్పుడు నేనే వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. మాది ఒకే చర్చి. వాళ్ళమ్మ టీ ఇచ్చింది. "నువ్వొస్తున్నావు. నీ బండి నేను చూస్తాను, పూచీ నాది. ఇంక మాట్లాడకు" అన్నాను. ఆ అమ్మాయి తలొంచుకునే చెప్పింది.

"వస్తానండి టీచరుగారూ. కొండెక్కి దిగి వచ్చేనంటే సోమవారం వెళ్ళి వార్డులోకి మార్చమని అడుగుతాను. నా వల్ల కాలేదంటే మటుకు ఇంక ఎవరూ నన్ను అడగొద్దండి. బండి అమ్మేస్తాను, కౌంటర్లోనే ఉండిపోతాను."

"అలాగే" అన్నాను. రెండోది జరిగే పనే కాదని నా ధీమా.

శుక్రవారం సాయంత్రం బాబాయిగారి వాకిట్లో బళ్ళు నిలబెట్టాం. నా బండి ఆయన చూస్తున్నారు, ఆ అమ్మాయి బండి నేను చూస్తున్నాను. చైను, బ్రేకులు అయ్యాయి. యాక్సిలరేటరు కేబులు కాస్త పొడిగా ఉందనిపించింది. కేబులు పైకొస విప్పి, సూది తీసేసిన సిరంజితో లోపలికి నూనె ఎక్కించడం మా పద్ధతి. ఆ సిరంజిలు కూడా ఆ అమ్మాయే ఎప్పుడో తలా ఒకటి తెచ్చిచ్చింది. తీరా చూస్తే కేబులు నూనె డబ్బా ఖాళీ. వ్యాపారి మొత్తం తను చూస్తున్న బండి చైనుకే పోసేశాడు. తిట్టాను. తిడితే నూనె వస్తుందా? బజారుకి వెళ్ళాలంటే బద్ధకమేసింది.

నా సంచిలో కొబ్బరినూనె సీసా ఉంది, ప్రయాణంలో తలకి రాసుకోవడానికి పెట్టుకున్నది. మా దొడ్డి కాయలు ఎండబెట్టి గానుగ ఆడించిన నూనె. మా ఇంట్లో అదే అన్నిటికీ మందు. తలకీ అదే, కుట్టుమిషనుకీ అదే, కిర్రుమనే తలుపు బందులకీ అదే. మా అమ్మ అలాగే చేసేది, నేనూ అంతే. నా బండి కేబుళ్ళకి కూడా ఇంటిదగ్గర ఎన్నోసార్లు అదే పోసుకున్నాను, ఏనాడూ ఏమీ కాలేదు. బాబాయిగారు చూస్తే ఏదో ఒకటి అంటారని ఆయన అటు తిరిగి ఉన్నప్పుడు సిరంజి నిండా తీసి ఎక్కించేశాను. యాక్సిలరేటరు వెన్నలా తిరిగింది. ట్యాంకు మీద చెయ్యేసి, "ఈ బండికి పూచీ నాది" అన్నాను.

"అన్నీ చూసేరా?" అన్నారు బాబాయిగారు.

"ఆయ్, చూసేనండీ" అన్నాను.

శనివారం ఎండెక్కాక బయల్దేరాం. రాజమండ్రి, తుని, నర్సీపట్నం. ఆ అమ్మాయి మా మధ్యలో నడుపుతోంది. మొదట్లో మెడ బిగించుకుని కూర్చుంది, తుని దాటేసరికి భుజాలు కాస్త వదులయ్యాయి. నర్సీపట్నంలో భోంచేసి ఘాట్ ఎక్కాం. ఒక్కో మలుపూ బాబాయిగారి వెనకే తిరుగుతూ, పైకి చేరేసరికి ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. "సగం అయిపోయిందండి" అంది. ఏడాది తర్వాత ఆ పిల్ల నోటివెంట అడక్కుండా వచ్చిన మొదటి మాట అది. నాకు ఎంత గర్వమేసిందో చెప్పలేను. రాత్రి అద్దె రూముల్లో చలికి రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్ళు టకటకమంటూనే ఉన్నాయి. బళ్ళు బయట మంచులోనే ఉన్నాయి.

తెల్లవారుతుండగా మేఘాలు చూసే కొండ దగ్గరికి బయల్దేరాం. సీట్ల మీద మంచు తుడుచుకుని స్టార్ట్ చేశాం. రూములు దాటి అరకిలోమీటరు వెళ్ళామో లేదో, ముందు వెళుతున్న ఆ అమ్మాయి బండి ఒక్కసారి గట్టిగా అరిచింది. మలుపు వస్తుంటే తగ్గాల్సింది పోయి ఎగదన్నుకుంటూ వెళ్ళిపోతోంది. "రేజు తగ్గించు! తగ్గించమ్మా!" అని వెనకనుంచి వ్యాపారి అరుస్తున్నాడు. బండి రోడ్డు దిగి, పూలు రాలిపోయిన వలిసె చేలోకి దూసుకుపోయి పడిపోయింది. పడిపోయినా ఇంజను హోరు ఆగలేదు. బాబాయిగారు ఆ వయసులో ఎలా పరిగెత్తారో, వెళ్ళి తాళం తిప్పేశారు.

దేవుడి దయ, ఒంటికి ఏమీ కాలేదు. మెత్తటి నేల, మోకాలు మాత్రం గీరుకుంది. కానీ ఆ పిల్ల చేను మధ్యలో కూర్చుని, కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, దానికేసే చూస్తోంది. "తగ్గించేనండి. వదిలేసేననే అనుకున్నానండి. చెయ్యి మాట వినలేదు" అంటుంది. మళ్ళీ అదే మాట. చలికి నా స్వెట్టరు కూడా తొడిగి రూముకి తీసుకొచ్చేశాం. బండిని అక్కడే వదిలేశాం.

పది దాటాక, ఎండ చుర్రుమంటున్నప్పుడు, బాబాయిగారు వెళ్ళి బండి లేపారు. నేనూ వెళ్ళాను. ముందు బండిని అడగాలి కదా. అడిగారు. స్టార్ట్ చేశారు, యాక్సిలరేటరు పదిసార్లు తిప్పారు, పదిసార్లు వదిలారు. తిప్పితే తిరిగింది, వదిలితే ఠక్కున వెనక్కి వచ్చింది. కేబులు, హ్యాండిలు, అన్నీ తడిమారు. ఏమీ లేదు. ఆయన నిట్టూర్చారు. "బండిలో ఏం లేదండీ. పిల్ల భయపడి చెయ్యి బిగించేసింది. పాపం, ఇంకో ఏడాది ఆగి తీసుకురావాల్సిందేమో."

నేనూ అలాగే అనుకున్నాను. పైగా నాకు కోపం కూడా వచ్చింది, ఆ పిల్ల మీదే. ఇంతదూరం వచ్చి ఇలా చేసిందేమిటని.

బండిని రూముకి తెచ్చి, బయల్దేరే ముందు తల దువ్వుకుందామని సంచిలోంచి నూనె సీసా తీశాను. అరచేతిలోకి వంచాను. పడలేదు. మూతికి ఏదో అడ్డుపడిందనుకుని కొట్టాను. పడలేదు. వెలుతురులోకి పట్టుకుని చూస్తే సీసా నిండా తెల్లగా, గట్టిగా, సున్నపురాయిలా ఉంది. ఆ చీకటి సిమెంటు గదిలోకి ఇంకా ఎండ రాలేదు.

కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఈ ముక్క నేనే ఎనిమిదో తరగతికి ఏటేటా చెబుతాను. పిల్లలచేత రాయిస్తాను కూడా. మా కోనసీమలో నూనె గడ్డకట్టడమంటే ఏముంది, మహా అయితే చలికాలం పొద్దున్నే సీసా అడుగున కాస్త తెల్లబడుతుంది, సీసాని ఎండలో పెడితే పది నిమిషాల్లో కరుగుతుంది. కొండమీద రాత్రంతా మంచులో నిలబడిన బండిలో అది రాయి అయిపోయింది. కేబులు కదలనివ్వలేదు, కదిలినదాన్ని వెనక్కి రానివ్వలేదు. ఎండెక్కాక తనంతట తనే కరిగిపోయి ఏమీ ఎరగనట్టు ఊరుకుంది. ఆ పిల్ల చేతిలో ఏ తప్పూ లేదు. తప్పు నా చేతిది.

అంతా తెలిసి కూడా బయటికి వచ్చి ఏం చేశానో తెలుసా? ఏమీ చెయ్యలేదు. ముగ్గురూ టీ కొట్టు దగ్గర బల్లమీద కూర్చుని ఉంటే, వెళ్ళి పక్కన కూర్చున్నాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. ఆ అమ్మాయి నెమ్మదిగా చెబుతోంది. "బండి రూము వాళ్ళ దగ్గర వదిలేస్తానండి. అన్నయ్య వచ్చి తీసుకెళ్ళి అమ్మేస్తాడు. నేను బాబాయిగారి వెనకాల కూర్చుంటాను. కౌంటరు పని కూడా మంచిదేనండి, అందరూ నర్సులే అవ్వాలనుందా?"

"అంతేనమ్మా, ప్రాణం కన్నా ఎక్కువేం కాదు" అన్నారు బాబాయిగారు. వ్యాపారి కూడా ఆ పూట ఒక్క జోకు వెయ్యలేదు.

నేను కొండల వైపు చూస్తూ టీ తాగుతున్నాను. ఇంటికెళ్ళాక నెమ్మదిగా చెబుదాంలే అని నాకు నేనే నచ్చజెప్పుకుంటున్నాను. ఇప్పుడు చెబితే నా పరువేం కావాలి? ఇన్నేళ్ళుగా అందరికీ తప్పులు దిద్దే మనిషిని. వ్యాపారి ఊరంతా చెప్పుకుని నవ్వుతాడు. బాబాయిగారు ఇంక నాకు ఏ బండీ అప్పగించరు. ఇలా ఏవేవో అనుకుంటూ తల తిప్పేసరికి, ఆ అమ్మాయి గ్లాసు ఎడమచేత్తో పట్టుకుని తాగుతోంది. కుడిచేతిని స్వెట్టరు లోపలికి దాచేసుకుంది. అది అలవాటు లేని చెయ్యి కాబట్టి టీ కాస్త ఒలికింది కూడా. అది చూశాక ఇంక నావల్ల కాలేదు.

"ఆపండి!" అని లేచాను. ఎవరూ ఏమీ అనకుండానే అరిచాను. రూములోకి వెళ్ళి సీసా తెచ్చి బల్లమీద తలకిందులుగా పెట్టాను. ఒక్క చుక్క కదల్లేదు.

"ఇదిగో, ఇదే పోసేను నీ కేబులులో. కొబ్బరినూనె. డబ్బా అయిపోతే బజారుకి వెళ్ళే బద్ధకానికి ఇది పోసేను. బాబాయిగారికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. రాత్రి చలికి గడ్డకట్టేసింది. అందుకే బండి ఎగదన్నింది. నాకు ఇందాకే తెలిసింది. తెలిసి కూడా ఇక్కడ కూర్చుని టీ తాగుతున్నాను. అందరూ అలా చూస్తారేం? తిట్టండి!" అన్నాను. తప్పు ఒప్పుకుంటున్నది నేనే, అరుస్తున్నదీ నేనే. టీ కొట్టావిడ పొయ్యి దగ్గర నుంచి లేచి నిలబడి చూస్తోంది.

వ్యాపారి సీసా తీసి అటూ ఇటూ ఊపాడు. "కొబ్బరి బేరం చేసే నాకే తట్టలేదండీ బాబూ! ఏవండీ టీచరుగారూ, ఎనిమిదో తరగతికి ఈ పాఠం చెప్పేది మీరేనాండీ?" అన్నాడు. మామూలుగా అయితే చీల్చి చెండాడేదాన్ని. "నేనే" అన్నాను.

బాబాయిగారు నవ్వలేదు. "పూచీ అన్నారు కదండీ" అన్నారు మెల్లగా. అంతే అన్నారు. ఆయన కేకలేసి ఉంటే బాగుండుననిపించింది.

ఆ అమ్మాయి మాత్రం వాళ్ళిద్దరినీ పట్టించుకోలేదు. గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకే చూస్తోంది. ఇంత మెత్తటి పిల్ల, ఇప్పుడు అంటుంది, అననీ అనుకున్నాను.

"అయితే టీచరుగారూ, పొద్దున్న తిప్పినప్పుడు బిగుతుగా ఉన్నది..."

"నూనె."

"చలికి నా మణికట్టు పట్టేసిందనుకున్నానండి. నిన్న కొండ పైకి చేరేటప్పుడు కూడా కాస్త అలాగే అనిపించింది. చెయ్యేలే అనుకుని మీకెవరికీ చెప్పలేదు." మళ్ళీ అడిగింది. "వదిలినా వెనక్కి రాకపోవడం?"

"అదీ నూనేనమ్మా. నువ్వు వదిలేవు. అదే రాలేదు."

స్వెట్టరులోంచి కుడిచెయ్యి బయటికి తీసింది. వేళ్ళు మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అయితే నా చెయ్యి బాగానే ఉందన్నమాటండీ!" అంది. అని, రెండు చేతుల్లో ముఖం దాచుకుని భోరున ఏడ్చేసింది. నామీద కోపం ఆ పిల్లకి తట్టనే లేదు. నేను వెళ్ళి పట్టుకుని, నేనూ ఏడ్చాను. నా జన్మలో నలుగురిలో ఏడవడం అదే మొదలు.

బాబాయిగారు ఒక సీసాలో పెట్రోలు, ఇంకోదాంట్లో ఇంజనాయిలు తెచ్చారు. "కేబులు కడగాలి. ముందు పెట్రోలు, తర్వాత ఇది. టీచరుగారూ, ఎవరు పాడు చేస్తే వాళ్ళే బాగుచెయ్యాలి" అని నా చేతికి సిరంజి ఇచ్చారు. న్యాయమే కదా అని వంగాను. ఆ అమ్మాయి నా చేతిలోంచి అది తీసేసుకుంది.

"నేను చేసుకుంటానండి. మీరు కేబులు కదలకుండా పట్టుకోండి చాలు."

పెట్రోలు లాగింది. గాలిబుడగ లేకుండా పైకి పట్టుకుని వేలితో తట్టింది. కేబులు కొసలో పెట్టి బొటనవేలితో నెమ్మదిగా, సమంగా నొక్కింది. ఎక్కడా తొణకలేదు. కింద కొసనుంచి నా నూనె పసుపుపచ్చగా చుక్క చుక్కగా దిగిపోతోంది. ఏడాది తర్వాత సిరంజి పట్టుకున్నానని ఆ పిల్లకి తట్టిందో లేదో తెలీదు. నేను మాత్రం ఆ బొటనవేలినే చూస్తూ ఉండిపోయాను.

ఘాట్ దిగడానికి గంటన్నర పట్టింది. బాబాయిగారు రెండో గేరులోనే దిగమన్నారు. ఆ అమ్మాయి తన బండి తనే నడిపింది, నేను వెనకాల వచ్చాను. మలుపు మలుపుకీ ఆ కుడిచెయ్యి తగ్గించాల్సినచోట తగ్గించింది, ఇవ్వాల్సినచోట ఇచ్చింది. నర్సీపట్నంలో ఆగినప్పుడు వ్యాపారి కొబ్బరినూనె కథని అప్పుడే అక్కడి మెకానిక్కుకి నటించి చూపించేశాడు. ఇప్పటికీ ఏదైనా పెళ్ళిలో కనపడితే నలుగురినీ పిలిచి మరీ చెబుతాడు, ప్రతిసారీ కొంత కలుపుతాడు. చెప్పుకోనీ. బాబాయిగారు తన పద్ధతికి ఒక ముక్క చేర్చారు. ట్యాంకు మీద చెయ్యేసి పూచీ చెప్పే ముందు, దేంట్లో ఏం పోశామో కూడా పైకి చెప్పాలి. అందరికన్నా ముందు నాచేత చెప్పిస్తారు. నాకు ప్రయాణానికోసారి పరీక్ష.

ఆ అమ్మాయి అన్నట్టే సోమవారం వెళ్ళి అడిగింది. వార్డులోకి మార్చారు. ఆ తర్వాత రెండు రోజులూ ఏ కబురూ లేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు. గురువారం మధ్యాహ్నం, బడిలో అన్నం తింటుంటే ఫోను మోగింది.

"టీచరుగారూ, ఇప్పుడేనండి. మూడు నెలల పాప. ఒంట్లో నీరు లేదు, నరం కనపడట్లేదు. ఇద్దరు గుచ్చి చూసి వదిలేసేరు. నన్ను పిలిచేరండి." ఒక్క గుక్కలో చెప్పేస్తోంది. "ఒక్కసారికే దొరికింది."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. "పాప ఏడ్చిందా?" అన్నాను.

"ఏడ్చిందండి. గట్టిగా ఏడ్చింది. వాళ్ళమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చేనండి."